కన్నార్పని నిమిషం

1999 ఎండాకాలంలో డీటీపీ నేర్చుకుందామని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మేడ మీద రెండో అంతస్తు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, గుడిలోకి వెళ్ళినంత భయభక్తులతో ఆ ఏసీ గదిలోకి అడుగుపెట్టేవాళ్ళం. పధ్నాలుగు అంగుళాల మానిటర్లు వరసగా ఉండేవి. ఒక్కోదాని ముందు ఒక నల్లటి అద్దం తగిలించి ఉండేది. దాన్ని ‘ఫిల్టర్’ అనేవాళ్ళు. ఒకమ్మాయి అది పక్కకు జరపబోతే మా సారు కేకేశారు: “తియ్యకమ్మా, రేడియేషన్!” అప్పటిదాకా ఆ మాట నాకు పదో తరగతి పుస్తకంలోనే తెలుసు. ఆ రోజు నుంచి అది కనపడని మనిషిలా మా పక్కనే కూర్చున్నట్టుండేది. సారు బల్ల మీద చిన్న కుండీలో ఒక ముళ్ళ జెముడు మొక్క కూడా ఉండేది. రేడియేషన్‌ని అది పీల్చేసుకుంటుందని అందరం నమ్మాం.

నేర్చుకున్నాక మూసారాంబాగ్‌లో ఒక డీటీపీ సెంటర్లో పనికి కుదిరాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, పోటీపరీక్షల గైడ్లు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే లేచేది రాత్రి ఎనిమిదికి. మూడో నెలకే కళ్ళల్లో ఇసుక పోసినట్టు గరగర మొదలైంది. సాయంత్రానికి అక్షరాలు అలుక్కుపోయేవి. కొత్తపేటలో ఒక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, “సార్, నాకు రేడియేషన్ పడ్డది” అని చెప్పాను. ఆయన కాదనలేదు, అవుననలేదు. తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద ఉన్నదేదో చదవమన్నారు. నేను చదువుతున్నంతసేపూ పక్కనుంచి నా కళ్ళవంకే చూశారు. చివరికి అన్నారు: “కన్నార్పుతలేవమ్మా నువ్వు. అందుకే ఆరిపోతున్నయి.”

ఆయన పదచమత్కారం కోసం అనలేదు. రోజూ అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పారు. కానీ పగలంతా అక్షరాలు కొట్టి బతికేదాన్ని కాబట్టి ఆ రెండు క్రియలు నన్ను పట్టుకున్నాయి. ఆర్పడం, ఆరడం. తీరు, తీర్చు, చేరు, చేర్చు, మారు, మార్చు అన్నట్టే ఆరు, ఆర్చు. దీనికి ఆర్పు అనే రూపం కూడా ఉంది. బట్టలు ఆరుతాయి. దీపం ఆరుతుంది. పుండు ఆరుతుంది. కల్లంలో వడ్లు ఆరబోస్తాం, పొయ్యిలో నిప్పు ఆర్పుతాం. తడి పోయినా, వెలుగు పోయినా, వేడి పోయినా తెలుగుకు ఒకటే క్రియ. ఇన్నిటి మధ్య ‘కన్నార్పడం’ ఎక్కడి నుంచి వచ్చిందంటే, దీపం దగ్గర నుంచి వచ్చిందనే నాకు తోస్తుంది. కన్ను వెలిగే వస్తువు. కంటివెలుగు అంటాం. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా కంటి పరీక్షలు పెట్టి, అద్దాలు పంచినప్పుడు ఆ కార్యక్రమానికి పెట్టిన పేరూ అదే. వెలిగే దాన్ని మూస్తే ఆర్పినట్టు, తెరిస్తే మళ్ళీ ముట్టించినట్టు.

కన్ను కర్మగా ఉంటే ఆర్పడం అంటే దీపం సంగతి. కన్నే కర్తగా ఉంటే ఆరడం అంటే తడి సంగతి. ఒకటి జరగకపోతే రెండోది జరుగుతుంది. కంటివైద్యం చాలా పేజీల్లో చెప్పేదాన్ని తెలుగు ఒకే ధాతువులో దాచిపెట్టుకుంది. కన్నార్పకపోతే కన్నారుతుంది.

కంటి ముందుభాగం మీద ఎప్పుడూ ఒక పలుచని కన్నీటి పొర ఉంటుంది. ఏడిస్తే వచ్చే నీళ్ళు వేరు, ఇది వేరు. అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన సన్నటి నూనె. రెప్పల అంచున ఉండే చిన్న గ్రంథుల నుంచి ఆ నూనె ఊరుతుంది. నూనె పైన పరుచుకుంటేనే కింద నీరు ఆవిరైపోకుండా నిలుస్తుంది. రెప్ప పడి లేచిన ప్రతిసారీ ఈ మూడింటినీ కంటినిండా కొత్తగా అలుకుతుంది. తర్వాత రెప్ప పడకపోతే, ఆరోగ్యంగా ఉన్న కంట్లో ఆ పొర పది సెకన్లకు పైగా చెదరకుండా ఉంటుంది. పొడికళ్ళవాళ్ళకు అంతకన్నా ముందే అక్కడక్కడా చిరుగులు పడుతుంది. 1993లో జపాన్ వైద్యుడు కజువో త్సుబోటా, సహచరుడు నకమోరితో కలిసి 104 మంది ఆఫీసు ఉద్యోగుల రెప్పపాట్లు లెక్కపెట్టారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22. పుస్తకం చదువుతుంటే 10. కంప్యూటర్ తెర చూస్తుంటే 7. అంటే ఊరికే ఉన్నప్పుడు మూడు సెకన్లకోసారి అలికే ఇంటిని, తెర ముందు ఎనిమిదిన్నర సెకన్లకోసారి అలుకుతున్నాం. పైగా ఏసీ గాలి. ఆ గదిలో మాకు చేటు చేసింది ఇదీ.

త్సుబోటా ఇంకో సంగతి కూడా గమనించాడు. పుస్తకం చదివేటప్పుడు చూపు కిందికి వాలుతుంది, పైరెప్ప కంటిని సగం కప్పుతుంది. మానిటర్ ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి కన్ను బార్లా తెరుచుకుంటుంది. తెరుచుకున్న మేర ఎక్కువైతే ఆరేదీ ఎక్కువే. తాటాకు ఒళ్ళో పెట్టుకుని గంటం పట్టిన లేఖకుల కళ్ళు ఎప్పుడూ వాలే ఉండేవి. మాది పొద్దంతా తెరిచిన తలుపు.

అయితే మన భాషలో ఈ కన్నార్పడం ఎప్పుడూ లేకపోవడంగానే వినిపిస్తుంది. “కన్నార్పకుండా చూశాడు”, “రెప్ప వాల్చకుండా చదివింది” అంటాం. “చక్కగా కన్నార్పుతూ చదివింది” అని ఎవరన్నా అనగా విన్నారా? రెప్ప పడటమంటే శ్రద్ధ తప్పినట్టు. ‘రెప్పపాటులో’ జరిగేవన్నీ ప్రమాదాలే. భాగవతం దశమ స్కంధంలో గోపికలు కృష్ణుణ్ణి తనివితీరా చూడనివ్వకుండా కళ్ళకు రెప్పలు పెట్టిన బ్రహ్మను మందమతి అని తిడతారు. దమయంతీ స్వయంవరంలో నలుడి రూపంలో కూర్చున్న దేవతలు పట్టుబడిపోయిన గుర్తుల్లో రెప్ప కొట్టకపోవడం ఒకటి. దేవతలకు అనిమిషులని పేరు. రెప్పపాటు లేనివాళ్ళని. అమరకోశం అదే మాటకు ఇంకో అర్థం కూడా ఇస్తుంది: చేప. ఈ జంట నాకెంతో ఇష్టం. చేపకు రెప్పలెందుకు, ఉండేదే నీళ్ళలో. దేవతల సంగతి దేవతలది. నేలమీద, గాల్లో బతికే మనిషికి అనిమిషత్వం గొప్ప కాదు.

మనిషికి రెప్పపాటు ఎలా వచ్చిందో పురాణం కూడా చెబుతుంది. వసిష్ఠుడి శాపంతో దేహం పోగొట్టుకున్న నిమి చక్రవర్తి మళ్ళీ ఒంట్లోకి రానన్నాడు. దేవతలు అతనికి సకలప్రాణుల రెప్పల మీద చోటిచ్చారు. అందుకే అది నిమేషం అయిందని విష్ణుపురాణం కథ. వ్యాకరణం దారి వేరు. ‘మిష్’ ధాతువుకు ‘ని’ చేరితే కన్ను మూయడం, నిమేషం. ‘ఉత్’ చేరితే తెరవడం, ఉన్మేషం. కవిత్వంలో ఉన్మేషాన్ని ఎంతో పొగుడుతాం. నిమేషం లేనిదే ఉన్మేషం ఎక్కడిది?

ఆ నిమేషమే మన నిమిషం. మనుస్మృతి లెక్కలో 18 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక రాత్రింబవలు. హెచ్చవేస్తే రోజుకు 4,86,000 నిమేషాలు. ఒక్కోటి సెకనులో ఐదో వంతుకన్నా కాస్త తక్కువ, సుమారు 0.18 సెకను. ఈనాటి పరికరాలతో కొలిచినా మనిషి రెప్పపాటు సెకనులో పదో వంతు నుంచి నాలుగు పదో వంతుల మధ్యే ఉంటుంది. ఏ గడియారమూ లేకుండా వాళ్ళు ఆ అంచనాకు ఎలా వచ్చారోనని నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను.

తర్వాత గోడగడియారాలు వచ్చాయి. అరవై సెకన్ల కొలతకు ఒక పేరు కావలసి వచ్చింది. హిందీవాళ్ళు మినిట్‌నే వాడుకున్నారు. తెలుగు, కన్నడం, మలయాళం నిమిషాన్ని పిలిచి ఆ కొలత అప్పగించాయి. తమిళంలో అది నిమిడం అయింది. మినిట్ అన్న చప్పుడుకు దగ్గరగా ఉన్నందువల్లేమో. ఏమైనా, రెప్పపాటంత ఉన్న మాట ఒక్కసారిగా 337 రెట్లు ఉబ్బింది. ఉబ్బిన నిమిషంలో పాత నిమిషాలు ఎన్ని పడుతున్నాయన్నదే ఇప్పుడు కంటి డాక్టర్లు లెక్కపెడుతున్నది.

రేడియేషన్ మాటకొస్తాను. లాటిన్‌లో రేడియస్ అంటే బండిచక్రం పుల్ల. మన వడ్రంగులు దాన్ని ‘ఆకు’ అంటారు. నడిమి నుంచి అన్ని వైపులకూ పరుచుకునేది కనుక కిరణానికి ఆ పేరు పడింది. మనం చేసుకున్న మాట వికిరణం. కిరణం, వికిరణం, ప్రకీర్ణం, చివరికి మన వార్తల్లో నలిగిపోయిన సంకీర్ణ ప్రభుత్వం, అన్నీ ‘కౄ’ ధాతువు పిల్లలే. చల్లడం, వెదజల్లడం దాని అర్థం. అంటే వికిరణం అన్న మాటలో విషం లేదు. ఎండ వికిరణం. పొయ్యి సెగ వికిరణం. దీపం వెలుగు వికిరణం. యురేనియం గురించి రాసేటప్పుడు మాత్రం పత్రికలు అణుధార్మికత అంటాయి. అక్కడ ధర్మమంటే గుణం అని. ఇన్ని మాటలున్నా జనం నోట రేడియేషనే నిలిచింది. ఒకే మాట ఎక్స్‌రే గదికీ, సెల్ టవర్‌కీ, టీవీకీ, చేతిలో ఫోనుకీ సరిపోయింది. అక్కడే చిక్కు వచ్చింది.

చక్రం మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. చక్రం నడుమ ఇరుసు దూరే రంధ్రాన్ని సంస్కృతంలో ‘ఖ’ అంటారు. ఆ రంధ్రం చక్కగా కుదిరితే ప్రయాణం సుఖం అని కొందరు నిఘంటుకారులు. ‘ఖ’ అంటే ఇంద్రియం, ఇంద్రియాలకు హితమైనది సుఖం అని నిరుక్తకారుడు యాస్కుడు. దిల్ అనే పారశీకం మాటకు జతకట్టి మా దిల్‌సుఖ్‌నగర్ పేరులో కూర్చున్నది ఆ సుఖమే. లక్షలమంది పిల్లలు ఊళ్ళు వదిలి వచ్చి, కళ్ళు అరగదీసుకున్న చోటికి ఆ పేరుండటం నన్ను ఎప్పుడూ కలతపెడుతుంది.

మా సారు భయానికి ఆధారమే లేదనను. పాత మానిటర్ అంటే ఒక గాజు బుడ్డి. లోపల వేల వోల్టుల ఒత్తిడితో ఎలక్ట్రాన్లు పరిగెత్తి తెరను గుద్దుకుంటాయి. అప్పుడు కొద్దిగా ఎక్స్‌రేలు పుడతాయి. 1967లో అమెరికాలో కొన్ని రంగుల టీవీల నుంచి అవి హద్దు మీరి వస్తున్నాయని తేలింది. మరుసటి ఏడే అక్కడ చట్టం చేశారు. ఆ తర్వాత సీసం, బేరియం వంటివి కలిపిన గాజు ఆ కిరణాలను లోపలే ఆపేసింది. 1999లో నా ముందున్న మానిటర్ కాలం నాటికి అది తీరిపోయిన గొడవ. మా నల్లద్దం చేసిందల్లా ట్యూబ్‌లైటు మెరుపు తగ్గించడం. అదీ మేలే, కానీ ఆ మేలు వేరే పేరు మీద జరిగింది. ఈనాటి పలుచటి తెరల్లో ఆ గాజు బుడ్డీ లేదు, ఆ ఎక్స్‌రేలూ లేవు.

రేడియేషన్‌ని కొలిచే పరికరాలు తయారయ్యే చోటు మాకు దూరమేమీ కాదు. ఎల్బీ నగర్‌లో బస్సెక్కి ఉప్పల్ మీదుగా వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. అణుశాస్త్రజ్ఞుడు అయ్యగారి సాంబశివరావు చేతుల మీదుగా 1967లో ఏర్పడిన సంస్థ. ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. దేశంలో తొలినాటి కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ 12, మన ఇళ్ళల్లో కనిపించిన ఈసీ టీవీ, అణుకేంద్రాల్లో రేడియేషన్ కొలిచే మీటర్లు, మూడూ అక్కడివే. తెరా, దాని గురించిన భయాన్ని కొలిచే సాధనమూ ఒకే ప్రహరీలో తయారయ్యాయి. ఆ మీటరు ఒక్కటి తెచ్చి మా ఇన్‌స్టిట్యూట్ బల్ల మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

దానికి బదులు మేం జెముడు పెట్టుకున్నాం. అదెందుకో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మా ఊళ్ళో గడప మీద బూడిద గుమ్మడికాయ, దాని పక్కన తలకిందులుగా కలబంద కడతారు. దిష్టి తగలకుండా. దిష్టి అంటే దృష్టే, చూపే. చూపులోంచి ఏదో బయలుదేరి వచ్చి తాకుతుందన్న నమ్మకం. న్యాయదర్శనం కూడా కంటి నుంచి తేజస్సు వెళ్ళి వస్తువును తాకితేనే చూడటం జరుగుతుందని వాదించింది. కనపడనిది, దూరం నుంచి వచ్చేది, ఒంటికి తగిలేది: రేడియేషన్ గురించి మాకు తెలిసినదంతా దిష్టి గురించి ముందే తెలుసు. దిశ ఒక్కటే మారింది. మనుషుల కంటి నుంచి కాక తెర కంటి నుంచి వస్తోంది. ముళ్ళున్న మొక్కే మళ్ళీ కాపలాకు వచ్చింది. దీన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. తెలియని దాని ముందు మనిషి తెలిసిన మాటనే పట్టుకుంటాడు. కానీ పట్టుకున్న మాట తప్పయితే, కన్ను ఒక చోట నొస్తుంటే మందు ఇంకో చోట రాస్తాం.

అది ఇప్పటికీ సాగుతోంది. 2012 సెప్టెంబరు నుంచి సెల్ టవర్ల తరంగాలకు మన దేశం అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే హద్దుగా పెట్టుకుంది. ఆ తరంగాలు ఎక్స్‌రేల జాతివి కావు. అయినా ఎల్బీ నగర్ కాలనీల్లో అపార్ట్‌మెంటు మీటింగు పెడితే టవర్ ప్రస్తావన రాక మానదు. ఆ మాట్లాడేవాళ్ళ చేతుల్లో ఫోన్లు రాత్రి ఒంటిగంట దాకా వెలుగుతూనే ఉంటాయి. అద్దాల షాపుకు వెళ్తే ‘బ్లూ కట్’ వేయించుకోమంటారు. 2023లో కొక్రేన్ సంస్థ 17 పరీక్షలను కలిపి చూసి, కంప్యూటర్ వల్ల వచ్చే కంటి అలసటకు ఆ నీలికాంతి అద్దాలు బహుశా తేడా ఏమీ చేయవని తేల్చింది. రాత్రి వెలుగు నిద్రను చెడగొడుతుందన్నది నిజమే, అది వేరే సంగతి. ఆ నల్లద్దానికి మనవరాలు ఈ నీలద్దం.

అలసట అన్నాను కానీ దానికి జనం వాడే మాటలు ఇంకా సూటిగా ఉంటాయి. సూర్యాపేట, నల్లగొండ పిల్లలు “కండ్లు గుంజుతున్నయి” అంటారు. బెజవాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు “కళ్ళు లాగుతున్నాయి” అంటారు. ఒకే హాస్టల్ గదిలో రెండూ వినిపిస్తాయి. ఇంగ్లీషు స్ట్రెయిన్ కూడా పుట్టుకలో బిగించి లాగడమే. నిజంగానే లోపల ఒక కండరం లాగుతుంటుంది. దగ్గరి వస్తువు చూడటానికి కంటి కటకాన్ని ఉబ్బించే కండరం అది. గంటల తరబడి అది బిగుసుకునే ఉంటుంది. అందుకే ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోకి ఇరవై సెకన్లు చూడమంటారు. పత్రికలు మాత్రం ‘కంటి ఒత్తిడి’ అని రాస్తాయి. ఆ అనువాదం నాకు నచ్చదు, ప్రమాదం కూడా. డాక్టరు దగ్గర కంటి ఒత్తిడి అంటే కంటి లోపలి పీడనం, నీటికాసుల జబ్బు సంగతి. అది చూపునే తీసుకుపోతుంది. దాన్నీ దీన్నీ ఒకే మాటతో పిలిస్తే ఒకరు ఊరికే బెదురుతారు, ఇంకొకరు బెదరాల్సిన చోట తేలిగ్గా తీసుకుంటారు. గుంజుడు అన్న మాట చాలు.

తెర అన్న మాటలోనూ తడి ఉంది. తమిళంలో తిరై అంటే తెర, అల కూడా. మనకూ అంతే, తెరలు తెరలుగా నవ్వొస్తుంది. కంటి మీది ఆ నీటిపొరను ఇంగ్లీషులో ఫిల్మ్ అంటారు. సినిమాకూ అదే పేరు. మన తొలి టాకీ భక్త ప్రహ్లాదలో నటించి, తర్వాత వెండితెరకు దర్శకుడిగా పేరు తెచ్చుకున్న ఎల్వీ ప్రసాద్ పేరు మీదే బంజారాహిల్స్‌లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. తెర మనిషి పేరు కంటికి కాపయింది.

కంటికి రెప్పలా కాపాడటం అంటాం కదా. ఆ పోలికను నేను చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్నాను. రెప్ప అంటే అడ్డంగా నిలబడే తలుపు అనుకున్నాను, ఆ ఫిల్టర్ అద్దంలాగా. నిలబడి కాపాడేది అద్దం. రెప్ప పడి కాపాడుతుంది. రెప్పపాటులోని పాటు ‘పడు’ నుంచి వచ్చింది. పొరపాటు, తడబాటు, పాటుపడటం, అన్నింటిలోనూ ఆ పడటమే. కంటి కోసం రోజుకు వేలసార్లు పడి లేచేది అది. మా సారు ఆ నల్లద్దాల బదులు గోడ మీద ‘కన్నార్పండి’ అని ఒక్క ముక్క రాయించి ఉంటే, నా బ్యాచ్‌లో ఎంతమంది కళ్ళు ఆరిపోకుండా ఉండేవో.

మొన్న ఆదివారం మా అన్నయ్య కొడుకు చైతన్యపురి హాస్టల్ నుంచి మెట్రోలో ఎల్బీ నగర్ వచ్చాడు. ఏదో కోర్సు చేస్తున్నాడు, పగలు ల్యాప్‌టాప్, రాత్రి ఫోను. వచ్చీ రాగానే సోఫాలో కూర్చుని తెర తెరిచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నం వడ్డించి పిలిచాను.

“ఒక్క నిమిషం అత్తమ్మా,” అన్నాడు, తల ఎత్తకుండా.

గోడగడియారం వాడి తల వెనకే ఉంది. సెకన్ల ముల్లు పన్నెండు దాటగానే వాడి కళ్ళు చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముల్లు తిరిగి పన్నెండు దగ్గరికి వచ్చింది. ఆ ఒక్క నిమిషంలో నిమిషాలు ఆరే వచ్చాయి.